ఒంటిస్తంభం మేడలో మృగరాజు

పులి అనే మాట మన సొంతం. తమిళంలో పులి, కన్నడంలో హులి, తెలుగులో పులి. ద్రావిడ భాషలు పుట్టినప్పటి నుంచీ ఆ జంతువు మన పొరుగునే తిరిగింది గనుక పేరు కూడా మనమే పెట్టుకున్నాం. సింహం సంగతి అలా కాదు. ఆ మాట సంస్కృతం నుంచి వచ్చింది. పల్లెజనం దాన్ని నోరు తిరిగేటట్టు సింగం చేసుకున్నారు. మాటలో ఉన్న ఈ తేడాయే అడవిలోనూ ఉంది. చరిత్రకు తెలిసిన కాలంలో అడవి సింహం ఉత్తర, పశ్చిమ భారతదేశాలదే. నర్మద దాటి మన దక్కనులో అది స్థిరపడినట్లు నమ్మదగిన ఆధారాలు లేవు.

అయినా సింహం లేని చోటు మనకు లేదు. నిజామాబాదు జిల్లా భీమ్‌గల్ దగ్గర లింబాద్రిగుట్ట మీద వెలసింది నరసింహస్వామి. మా వైపు ఏ ఊళ్ళోనైనా బజారులో నిలబడి “నర్సింలూ” అని కేకేస్తే ఇద్దరు ముగ్గురైనా పలుకుతారు. రాజు కూర్చుంటే సింహాసనం, ఇంటి పెద్ద గుమ్మం సింహద్వారం, జేబులో రూపాయి బిళ్ళ మీద సింహాలు. కంటితో చూడని జంతువును ఇంతగా ఇంట్లో పెట్టుకున్నాం. మరి ఆ జంతువు రక్తంలో ఏముందో తేల్చిన శాస్త్రవేత్తల్లో మన హైదరాబాదు వాళ్ళున్నారని మనలో ఎంతమందికి తెలుసు?

నేను పుట్టి పెరిగింది చందూరులో. నిజాంసాగర్ కాలువ నీళ్ళు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఈల, వర్ని, రుద్రూరుల దాకా పరుచుకున్న చెరకు తోటలు – ఇవి మా బాల్యం. తర్వాత జంతుశాస్త్రం చదువుకొని, దాన్నే పాఠంగా చెప్పుకొని బతుకుతున్నాను. సింహాల జన్యు వైవిధ్యం అనే ఈ పాఠాన్ని క్లాసులో చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చెరకు తోటే సాయానికి వచ్చింది. కాబట్టి ఇక్కడా ఆ దారినే నడుస్తాను.

ఐదింతలైన సింహాలు

2025 మే నెలలో గుజరాత్‌లో జరిగిన గణనలో సింహాల సంఖ్య 891గా తేలింది. 2020లో అవి 674. 2015లో 523. 2010లో 411. ఇంకా వెనక్కి పోయి 1968 లెక్క చూస్తే 177 మాత్రమే. అంటే అర్ధశతాబ్దం దాటీ దాటకముందే ఐదింతలయ్యాయి. గిర్ అడవి చాలక సౌరాష్ట్రలోని పొలాల్లోకి, తోటల్లోకి, సముద్రతీరం దాకా వచ్చేశాయి. ప్రపంచంలో పెద్దపిల్లులన్నీ తగ్గిపోతున్న రోజుల్లో ఇది చిన్న విజయమేమీ కాదు. అటవీశాఖ వారినీ, సింహాల పక్కనే పశువులను కాచుకొనే మాల్ధారీలనూ, అక్కడి రైతులనూ మెచ్చుకోవలసిందే.

ఈ అంకెలు మా ఊళ్ళో ఒక పెద్దరైతుకు చెప్పాను. చెరకు మీదనే పిల్లల పెళ్ళిళ్ళు చేసిన మనిషి.

“మంచిదే గద బిడ్డా! ఐదింతలైనయంటున్నవు. ఇంక నీ రంది ఏంది?” అన్నాడు.

“నువ్వు చెరకు పెట్టిన కాలంల నీ చేన్ల ఎన్ని గడలుండేటియి కాకా?”

“లెక్కేడిది? వేలకు వేలు.”

“గవన్నీ ఎన్ని రకాలు?”

“ఎన్నేంది? ఒక్కటే రకం.”

“మరి గా రకానికి ఎర్రకుళ్ళు దిగితే?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. “చేనుకు చేను పోతది. మనదే కాదు, పక్కోనిది గూడ పోతది” అన్నాడు.

నా రంది అదేనని చెప్పాను. సంఖ్య వేరు, వైవిధ్యం వేరు. ఈ వ్యాసమంతటికీ సారం ఈ ఒక్క మాటే.

ముచ్చె చెప్పే పాఠం

చెరకును మనం గింజతో నాటం. గడను మూడు కళ్ళ ముచ్చెలుగా నరికి సాలులో పాతుతాం. ముచ్చె నుంచి వచ్చిన మొక్క తల్లి గడకు అచ్చు నకలు. కార్శి తోటా అంతే. ఎకరం నిండా నిలబడిన వేలాది గడలు, జన్యుశాస్త్రం దృష్టిలో, ఒకే మొక్క. దిగుబడికి ఇది బాగుంటుంది, మిల్లుకూ బాగుంటుంది. తెగులుకు మరీ బాగుంటుంది. ఒక గడ తాళం తీయగలిగిన శిలీంధ్రానికి అన్ని గడల తాళాలూ తెరుచుకున్నట్లే.

ఇది ఊహ కాదు. కో 0238 అనే రకం ఉత్తరప్రదేశ్ చెరకు విస్తీర్ణంలో అధికభాగాన్ని ఆక్రమించి రైతులకు కాసులు కురిపించింది. 2020 ప్రాంతాల నుంచి ఎర్రకుళ్ళు దానిమీద విరుచుకుపడేసరికి ప్రభుత్వమే ఆ రకాన్ని మార్చండి మార్చండి అని రైతుల వెంట పడవలసి వచ్చింది.

ఇదే కథకు రెండో పక్క కూడా ఉంది. కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రం 1912లో ఏర్పడింది. అక్కడ చార్లెస్ బార్బర్, టి.ఎస్. వెంకటరామన్ తీపి చెరకును ఏటి ఒడ్డున పెరిగే అడవి రెల్లుతో సంకరం చేశారు. రెల్లులో చక్కెర లేదు, లావు లేదు. కాని మొండితనం ఉంది. చలికీ, కరువుకూ, తెగుళ్ళకూ తట్టుకొనే జన్యువులు ఉన్నాయి. ఆ సంకరం నుంచి 1918లో కో 205 వెలువడింది. తర్వాత దేశమంతటా పరుచుకున్న ‘కో’ రకాల వరుసకు అదే నాంది. మన రుద్రూరు చెరకు, వరి పరిశోధనా కేంద్రం వంటి చోట్ల పాత రకాలను, కొత్త రకాలను పక్కపక్కన పెంచి చూసేది కూడా ఇందుకే. రైతు పొలంలో ఒక్కటే ఉన్నా, శాస్త్రవేత్త మడిలో పది ఉండాలి.

చెరకుకు ఆ మడి ఉంది. సింహానికి ఉందా?

వంశవృక్షం

జవాబు వెతకాలంటే ముందు సింహాల వంశచరిత్ర తెలియాలి. ఒకనాడు భూమి మీద మనిషి తర్వాత అంత విస్తారంగా తిరిగిన పెద్ద జంతువుల్లో సింహం ఒకటి. ఆఫ్రికాలో నేటి సింహాల పూర్వీకులు. యూరప్ నుంచి సైబీరియా మీదుగా అలాస్కా దాకా గుహసింహాలు. ఉత్తర అమెరికాలో ఇంకా పెద్దదైన మరో సింహం. ఫ్రాన్సులోని షోవే గుహ గోడల మీద ఆదిమానవుడు గీసిన జూలులేని సింహాలు ఈ గుహసింహాలే. హిమయుగం ముగిసే నాటికి ఇవి కాలగర్భంలో కలిసిపోయాయి.

2020లో ఒక అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఇరవై సింహాల పూర్తి జన్యుక్రమాలను పోల్చింది. వాటిలో మంచులో దొరికిన గుహసింహాల అవశేషాలున్నాయి, మ్యూజియాల్లోని పాత సింహాల ఎముకలూ చర్మాలూ ఉన్నాయి, నేటి సింహాలూ ఉన్నాయి. గుహసింహం, నేటి సింహం దాదాపు 5 లక్షల సంవత్సరాల క్రితం విడిపోయాయని తేలింది. నేటి సింహాల్లో కూడా రెండు పెద్ద శాఖలున్నాయి. అవి సుమారు 70 వేల సంవత్సరాల క్రితం వేరుపడ్డాయి.

ఆ రెండు శాఖలు ఏవో చూడండి. తూర్పు ఆఫ్రికా, దక్షిణ ఆఫ్రికా సింహాలు ఒక శాఖ. ఉత్తర, పశ్చిమ, మధ్య ఆఫ్రికా సింహాలూ, మన గిర్ సింహాలూ రెండో శాఖ. 2017లో పిల్లిజాతి నిపుణుల సంఘం సింహాల వర్గీకరణను తిరగరాసినప్పుడు దీన్నే అనుసరించింది. మొదటిదాని పేరు పాంథెరా లియో మెలనొకైటా. రెండోదాని పేరు పాంథెరా లియో లియో. చిన్నప్పుడు మనం పుస్తకాల్లో చదువుకున్నది ‘ఆఫ్రికా సింహం ఒకటి, ఆసియా సింహం ఒకటి’ అని. రక్తం చెప్పేది వేరు. సెనెగల్ సింహానికి టాంజానియా సింహం కంటే గుజరాత్ సింహమే దగ్గరి చుట్టం! మధ్యలో ఎడారీ, అరణ్యమూ పెరిగి తగ్గుతూ ఆఫ్రికా సింహాలను రెండుగా చీల్చాయి. ఉత్తరాన మిగిలినవాటిలో కొన్ని పశ్చిమాసియా మీదుగా ఇండియా చేరాయి.

ఆ గొలుసులో లంకెలు ఒక్కొక్కటే తెగిపోయాయి. ఇరాన్‌లో 1940ల తర్వాత సింహం జాడ లేదు. ఉత్తర ఆఫ్రికాలోని బార్బరీ సింహం 20వ శతాబ్దం మధ్యకు అంతరించింది. పశ్చిమ ఆఫ్రికాలో మిగిలినవి కొన్ని వందలే. మన దేశంలో ఢిల్లీ పరిసరాల్లో మొగలాయి చక్రవర్తులు వేటాడిన సింహం, 19వ శతాబ్దం చివరికల్లా గుజరాత్ బయట ఎక్కడా లేకుండా పోయింది. తుపాకీ పెరిగింది, బీడు తగ్గింది. అంతే.

ఇరుకు సందు

చివరికి మిగిలింది జునాగఢ్ నవాబు ఏలుబడిలోని గిర్ అడవి. 1900 ప్రాంతంలో అక్కడ డజను నుంచి ఇరవై సింహాల కంటే లేవని ఆనాటి వారు రాశారు. ఈ అంకెను అందరూ ఒప్పుకోరు. దొరల వేటను ఆపడానికి నవాబు కావాలనే తక్కువ చెప్పాడని కొందరంటారు. 1936 గణనలో 287 లెక్కకు రావటం ఆ అనుమానాన్ని బలపరుస్తుంది. డజనైనా, అంతకు కొన్ని రెట్లైనా, నేటి 891 సింహాలూ ఆ కొద్దిపాటి తలల సంతానమే అన్నది మాత్రం నిజం.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. భయపడకండి, ఇంటర్మీడియట్ లెక్కే. ప్రతి జంతువులోనూ ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ వేర్వేరు రకాలైతే విషమయుగ్మజం అంటాం, ఒకే రకమైతే సమయుగ్మజం. మందలో విషమయుగ్మజాలు ఎంత ఎక్కువైతే వైవిధ్యం అంత ఎక్కువ. ఒక మందలో పిల్లల్ని కనే జంతువులు ‘న’ అనుకుంటే, ప్రతి తరానికీ ఆ వైవిధ్యంలో 1/2న భాగం కేవలం యాదృచ్ఛికంగా పోతుంది. పది జంతువులుంటే తరానికి 5 శాతం. అలా పది తరాలు గడిస్తే మిగిలేది దాదాపు 60 శాతం. వంద జంతువులుంటే పది తరాల తర్వాత కూడా 95 శాతం నిలుస్తుంది.

సింహాల సంసారం ఈ లెక్కను ఇంకా చెడగొడుతుంది. మందలో పెత్తనం ఒకటి రెండు మగసింహాలదే. మిగతావి బయట తిరుగుతుంటాయి. రెండు మగ, ఎనిమిది ఆడ సింహాలు పిల్లల్ని కంటున్నాయనుకోండి. తలలు పది. కాని జన్యుశాస్త్ర సూత్రం ప్రకారం వాటి విలువ ఆరున్నర తలల కంటే తక్కువే. అప్పుడు తరానికి పోయేది 5 శాతం కాదు, దాదాపు 8 శాతం.

సందు ఇరుకైనప్పుడు పోయినవి, సందు దాటి మైదానంలోకి వచ్చినా తిరిగి రావు. దీన్నే పాఠ్యపుస్తకాల్లో బాటిల్‌నెక్ ప్రభావం అంటారు. సంఖ్య యాభై ఏళ్ళలో కోలుకుంటుంది. పోయిన జన్యు రకాలు కొత్త ఉత్పరివర్తనాల ద్వారా పుట్టాలంటే వేల తరాలు పడుతుంది. ఇల్లు కాలిపోతే మళ్ళీ కట్టుకోవచ్చు, ఇంట్లోని తాతలనాటి తాళపత్రాలను మళ్ళీ రాయలేం.

హైదరాబాదు కొలబద్ద

1987లో అమెరికాకు చెందిన స్టీఫెన్ ఓబ్రయన్, డేవిడ్ విల్ట్, వారి సహచరులు గిర్ సింహాల మీద చేసిన పరిశోధనలు లోకాన్ని ఉలిక్కిపడేలా చేశాయి. రక్తంలోని ప్రోటీన్లను విద్యుత్ క్షేత్రంలో పరుగెత్తించి చూస్తే, గిర్ సింహాలన్నీ ఒక్క అచ్చులో పోసినట్లున్నాయి. తేడాయే కనబడలేదు. వీర్యకణాలను పరీక్షిస్తే, టాంజానియాలోని సెరెంగెటి మైదానపు సింహాల్లో వికృత కణాలు నాలుగో వంతు. అక్కడే గోరోంగోరో అగ్నిపర్వత బిలంలో చిక్కుబడ్డ సింహాల్లో సగం. గిర్ సింహాల్లో మూడింట రెండు వంతులు. మగ హార్మోను మోతాదు కూడా ఇదే వరుసలో తగ్గింది.

అప్పుడు రంగంలోకి దిగింది హైదరాబాదులోని సి.సి.ఎం.బి. 1977లో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వంలో మొదలైన సంస్థ అది. అక్కడి లాల్జీ సింగ్ కట్లపాము జాతి డి.ఎన్.ఏ. మీద చేసిన పని నుంచి పుట్టిన పద్ధతితో మన దేశానికి సొంత డి.ఎన్.ఏ. వేలిముద్రల విద్య ఏర్పడింది. ఆయనా, సహచరులూ ఆసియా సింహాలనూ, మన పులులనూ డి.ఎన్.ఏ. స్థాయిలోనే పరీక్షించి 1997లో ఫలితాలు ప్రకటించారు. ప్రోటీన్లలో కనబడని తేడాలు డి.ఎన్.ఏ.లో కనబడ్డాయి. గిర్ సింహం బొత్తిగా ఒకే అచ్చు కాదన్నారు. 1998లో అదే సంస్థకు చెందిన శివాజీ, ఆయన సహచరులు మన దేశంలోని పెద్దపిల్లుల వీర్యాన్నీ, హార్మోన్లనూ పరీక్షించి ఆ ఫలితాలను ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రచురించారు.

విద్యార్థి మిత్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అమెరికా వాళ్ళది తప్పు, మనవాళ్ళది ఒప్పు అనుకుంటే పాఠం చేజారినట్లే. తేడా కొలబద్దలో ఉంది. మూరతో కొలిస్తే సమానంగా కనిపించిన రెండు కర్రలు అంగుళాల బద్దతో కొలిస్తే హెచ్చుతగ్గులుగా కనిపిస్తాయి. ప్రోటీను మూరకర్ర, డి.ఎన్.ఏ. అంగుళాల బద్ద. ఆ తర్వాత ఇంకా సన్నని కొలత వచ్చింది, పూర్తి జన్యుక్రమం. 2019లో సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలే ఆసియా సింహపు పూర్తి జన్యుక్రమాన్ని వెలువరించారు. నేను పైన చెప్పిన 2020 నాటి అంతర్జాతీయ పరిశోధన ఆ కొలతతోనే గిర్ సింహాల్లో వైవిధ్యం మిగతా సింహాల కంటే బాగా తక్కువని తేల్చింది. మొత్తం మీద అర్థమయ్యేదేమిటంటే: గిర్ సింహం వైవిధ్యం సున్నా కాదు. కాని పేదది. ఉన్న కాస్తా పోగొట్టుకునే స్థితిలో లేదు.

సి.సి.ఎం.బి.కి అనుబంధంగా అత్తాపూర్‌లో ‘లాకోన్స్’ అనే ప్రయోగశాల ఉంది. అంతరించిపోతున్న జాతుల కోసమే ఏర్పడిన ఆ కేంద్రాన్ని 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. నెహ్రూ జంతుప్రదర్శనశాల చూడటానికి పోయే మన విద్యార్థులు ఆ దారిలో ఇంత పని జరుగుతోందని తెలుసుకుంటే బాగుండును.

జబ్బు తలుపు తడితే

వైవిధ్యం తక్కువైతే ఏమిటి నష్టం? పిల్లలు పుడుతూనే ఉన్నాయి కదా, సంఖ్య పెరుగుతూనే ఉంది కదా! నిజమే. వికృత వీర్యకణాలున్నా గిర్ సింహాల సంతానానికి లోటు రాలేదు. నష్టం మామూలు రోజుల్లో కనబడదు. చెరకు చేను కూడా తెగులు వచ్చే ముందు రోజు దాకా పచ్చగానే ఉంటుంది.

1994లో సెరెంగెటి సింహాలకు కుక్కల డిస్టెంపర్ వ్యాధి సోకింది. సుమారు మూడో వంతు, అంటే దాదాపు వెయ్యి సింహాలు చనిపోయాయి. అయినా అక్కడ వేల సంఖ్యలో సింహాలుండేవి, వాటిలో వైవిధ్యం ఉంది, విశాలమైన చోటు ఉంది. మంద కోలుకుంది. 2018 సెప్టెంబరు, అక్టోబరుల్లో అదే వ్యాధి గిర్ తూర్పు భాగంలోని దల్ఖానియా రేంజిలో తలెత్తింది. కొద్ది వారాల్లో ఇరవైకి పైగా సింహాలు పోయాయి. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వైరస్‌ను గుర్తించింది, టీకాలు విదేశాల నుంచి తెప్పించారు, చుట్టుపక్కల సింహాలను పట్టి వేరుగా ఉంచారు. గండం గడిచింది.

అలాంటి గండం మన హైదరాబాదు గడప దాకానూ వచ్చింది. 2021 మే నెలలో నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్లు సి.సి.ఎం.బి. పరీక్షల్లో తేలింది. అవి కోలుకున్నాయి. అయినా ఒక సంగతి రుజువైంది. మనిషి జబ్బు సింహానికీ, కుక్క జబ్బు సింహానికీ వస్తుంది. కంచెలు వైరస్‌లను ఆపవు. ఒకే వంశం, ఒకే చోట. ఇదే నేనంటున్న ఒంటిస్తంభం మేడ. కథల్లో రాకుమారిని దాచటానికి అది చాలా భద్రమైన చోటు. కాని స్తంభానికి చెద పడితే?

కొత్త రక్తం సంగతి

అయితే రెల్లుతో చెరకును కలిపినట్లు, ఆఫ్రికా సింహాన్ని తెచ్చి గిర్‌లో వదిలితే సరిపోదా? క్లాసులో చురుకైన విద్యార్థి ఎవరైనా అడిగే ప్రశ్న ఇది. మంచి ప్రశ్నే.

కొత్త రక్తం పనిచేస్తుందని రుజువులున్నాయి. గోరోంగోరో బిలంలో 1962లో కుట్టే ఈగల బెడద వల్ల సింహాలు దాదాపు నశించి పిడికెడు మిగిలాయి. తర్వాత బయటి నుంచి కొన్ని మగసింహాలు వాటంతట అవే బిలంలోకి దిగి మందను నిలబెట్టాయి. అమెరికాలోని ఫ్లారిడా ప్యూమాలు లోపలి సంపర్కం వల్ల గుండె జబ్బులతో, వంకర తోకలతో క్షీణిస్తుంటే, 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు. మంద బలపడింది. కాని ఇవన్నీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసిన వైద్యాలు. పైగా అక్కడ కలిపింది దగ్గరి చుట్టాలను.

ఆలోచించకుండా కలిపితే ఏమవుతుందో కూడా చూశాం. అమెరికా జంతుప్రదర్శనశాలల్లో ఆసియా సింహాలని పేరుపెట్టి జాగ్రత్తగా పెంచిన మంద మూలపురుషులు ఐదు. వాటిలో రెండు ఆఫ్రికా రక్తం కలవని 1987లో తేలింది. ఏళ్ళ తరబడి చేసిన పని వృథా అయింది. మన దేశపు సర్కస్‌లలోనూ ఇలాంటి సంకర సింహాలు ఎన్నో పుట్టాయి. 1998లో కేంద్ర ప్రభుత్వం సింహాలు, పులులు మొదలైనవాటిని ఆటలకు వాడరాదని ప్రకటించింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలా విడుదలైన సర్కస్ సింహాలకు తిరుపతి, విశాఖపట్నం జంతుప్రదర్శనశాలల దగ్గరి సంరక్షణ కేంద్రాలు ఆశ్రయమిచ్చాయి. అవి అక్కడ సంతానం లేకుండానే కాలం గడిపాయి. తప్పు వాటిది కాదు, కలిపిన మనుషులది.

గిర్ సింహం వేల ఏళ్ళ ఆసియా ప్రయాణంలో మిగిలిన ఒకే ఒక్క కొమ్మ. పొట్ట కింద వేలాడే తోలుమడత, చెవులు కనబడేంత పల్చని జూలు దాని గుర్తులు. ఆ కొమ్మ ఎండిపోయే స్థితి వచ్చిందని రుజువయ్యేదాకా వేరే కొమ్మను అంటుకట్టడం తొందరపాటే. ముందు చేయవలసింది తేలికైనది, చవకైనది: ఉన్నవాటిలోనే కొన్నింటిని దూరంగా, వేరే చోట బతకనివ్వడం.

రెండో ఇల్లు

ఈ ఆలోచన కొత్తది కాదు. 1957లోనే ఒక మగ, రెండు ఆడ సింహాలను ఉత్తరప్రదేశ్‌లోని చంద్రప్రభ అడవిలో వదిలారు. 1965 నాటికి అవి పదకొండయ్యాయి. ఆ తర్వాత ఒక్కటీ కనబడలేదు. చోటు చిన్నది, కాపలా తక్కువ. మూడు తలలతో మొదలుపెట్టిన మంద విలువ ఎంతో మనం పైన నేర్చుకున్న లెక్కతో మీరే కట్టి చూడండి.

1990లలో మరింత శాస్త్రీయంగా చూసి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిని ఎంచుకున్నారు. సింహాలు వస్తాయని చెప్పి అక్కడి 24 ఊళ్ళను ఖాళీ చేయించారు. పోయిన వారిలో ఎక్కువమంది సహరియా గిరిజనులు. 2013 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు సింహాలను కూనోకు తరలించవలసిందేనని తీర్పు చెప్పింది. సింహాలు రాలేదు. 2022 సెప్టెంబరులో ఆ అడవికి ఆఫ్రికా నుంచి చిరుతపులులు కాని చీతాలు వచ్చాయి. సింహాలకు రెండో ఇల్లుగా గుజరాత్ ప్రభుత్వం సౌరాష్ట్రలోనే ఉన్న బర్డా కొండలను తీర్చిదిద్దుతోంది. 2023లో ఒక సింహం అక్కడికి తనంతట తానే నడిచి వచ్చింది. 2025 గణనలో అక్కడ 17 సింహాలున్నాయి.

బర్డా మంచిదే. కాని అదీ అదే గాలి, అదే వాన, అవే ఊరకుక్కలు తిరిగే నేల. ఒక స్తంభం పక్కన దాన్ని ఆనుకొని ఇంకో గుంజ పాతితే మేడ రెండు స్తంభాలది అయిపోదు. ఏ రాష్ట్రపు గౌరవం ఎంత అన్నది నాకు పట్టింపు లేదు. ఊళ్ళు వదిలి వెళ్ళిన 24 గ్రామాల జనం మాత్రం నాకు పట్టింపే. వాళ్ళు ఇల్లు ఇచ్చారు. ఏ పని కోసమని అడిగి తీసుకున్నామో ఆ పని ఇంకా జరగలేదు.

మనకేమిటి?

‘గిర్ ఎక్కడ, నిజామాబాదు ఎక్కడ’ అనేవాళ్ళుంటారు. ఒకే దాని మీద ఆధారపడితే ఏమవుతుందో మా బోధన్ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కరలేదు. 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందింది. ఎన్నో ఊళ్ళు ఆ ఒక్క గొట్టం పొగ చూసి బతికాయి. 2015లో అది మూతపడ్డప్పుడు చెరకు పెట్టినవాడూ, నరికినవాడూ, బండి తోలినవాడూ ఒకేసారి దిక్కులు చూడవలసి వచ్చింది. ఊళ్ళకైనా, చేలకైనా, సింహాలకైనా ప్రకృతి నియమం ఒక్కటే. రెండో దారి ఉన్నవాడు తట్టుకుంటాడు.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నా మనవి. ఇకముందు ఏ గణన ఫలితం చూసినా, సింహాలది కానీ, పులులది కానీ, వరి దిగుబడిది కానీ, రెండు ప్రశ్నలు వేయండి. ఇవన్నీ ఎంతమంది తల్లిదండ్రుల నుంచి వచ్చాయి? ఎన్ని చోట్ల ఉన్నాయి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేని అంకె సగం అంకె.

ఇంకో చిన్న పని కూడా మన చేతిలోనే ఉంది. పాత కళాశాలల జంతుశాస్త్ర మ్యూజియాల్లో దుమ్ము పట్టిన చర్మాలు, పుర్రెలు, కొమ్ములు పడి ఉంటాయి. నేటి పరిశోధకుడు వాటిలోంచి గోరంత ముక్క తీసి వందేళ్ళ కిందటి జన్యు వైవిధ్యాన్ని చదవగలడు. అయితే ఆ జంతువు ఎక్కడిది, ఎప్పటిది అన్న చీటీ ఉంటేనే ఆ చదువుకు విలువ. రాలిపోతున్న చీటీలను తిరిగి రాసి అంటించండి. సెలవుల్లో ఒక వారం పని. మన తర్వాతివాళ్ళు వేయబోయే ప్రశ్నలకు జవాబులు ఆ బీరువాల్లో ఉండవచ్చు.